రోజుకు ఒక్క బొమ్మ

మొదటి రోజు

ఇరవై రెండేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. చేతిలో వర్క్‌షీట్ లేకుండా ఎక్కడికి వెళ్ళినా ఏదో మర్చిపోయి వచ్చినట్టే ఉంటుంది నాకు. లండన్‌కీ అలాగే తయారై వచ్చాను. నేషనల్ గ్యాలరీలో పన్నెండు బొమ్మలు ఎంచుకుని, ఒక్కోదానికి ఒక సబ్జెక్టు, ఒక ప్రశ్న, జవాబుకు రెండు గీతలు. నీటుగా టైప్ చేసి, పాతిక కాపీలు తీసి, అట్టకు క్లిప్పు పెట్టి మరీ తెచ్చాను.

వచ్చే ఏడాది మా పిల్లల్ని ఆర్ట్ మ్యూజియానికి తీసుకెళ్ళే పని నా నెత్తిన పడింది. లెక్కలు, సైన్సు, సోషల్, తెలుగు, అన్ని పాఠాలకూ ఆ ఒక్క ట్రిప్పు పనికి రావాలట. డ్రాయింగ్ మాస్టారు వేరే బడికి వెళ్ళిపోయారు, మిగిలినవాళ్ళలో ఖాళీగా కనిపించింది నేనే. సరే, ముందు నేను నేర్చుకుందామని అనుకున్నాను. మా అక్క కూతురు ఉండేది లండన్లోనే. దాని కొడుక్కి పదేళ్ళు, ఇప్పుడు సెలవులు. ప్రయోగానికి పిల్లాడు కూడా దొరికాడు.

"పిన్నీ, మ్యూజియం అనగానే వాడికి కాళ్ళు నొప్పులు వస్తాయి" అని ముందే చెప్పింది మా అమ్మాయి. నేను వినిపించుకోలేదు.

ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఉంది ఈ గ్యాలరీ. 1824లో 38 బొమ్మలతో మొదలైంది, ఇప్పుడు 2,300కు పైనే ఉన్నాయి. అన్నీ ఒకేసారి గోడల మీద ఉండవనుకోండి. అయినా లెక్కల మనిషిని కదా, మెట్లెక్కుతూనే లెక్కేశాను. బొమ్మకు ఒక్క నిమిషం చొప్పున చూసినా 38 గంటలు. నా పన్నెండు బొమ్మలకు గంటన్నర చాలనిపించింది.

యాభై నిమిషాల్లో ఏడు పూర్తి చేశాం. పూర్తి చేశాం అంటే పిల్లాడు ప్రతి బొమ్మ దగ్గరా తిన్నగా పక్కనున్న లేబుల్ దగ్గరికి వెళ్ళి, చిత్రకారుడి పేరూ సంవత్సరమూ ఎక్కించి, "నెక్స్ట్" అన్నాడు. బొమ్మ వైపు తల తిప్పింది తక్కువ. వాణ్ణి అని ఏం లాభం, నేనూ ముందు చూస్తున్నది లేబులే.

టర్నర్ వేసిన 'వర్షం, ఆవిరి, వేగం' దగ్గర నా ప్రశ్న ఇది: "రైలు వేగాన్ని చూపించడానికి చిత్రకారుడు ఏం చేశాడు?" పిల్లాడు రాసిన జవాబు: "పెయింట్ పూశాడు." తప్పని కొట్టెయ్యలేను, మార్కులూ వెయ్యలేను. 1844 నాటి బొమ్మ అది. వంతెన మీద వస్తున్న రైలుకు ముందు పట్టాల మీద ఒక కుందేలు పరుగెడుతూ ఉంటుంది. రంగు వెలిసిపోయి ఇప్పుడు కనిపించీ కనిపించకుండా ఉంది. "అదిగో కుందేలు" అని చూపించబోతే నా వేలు బొమ్మకు మరీ దగ్గరికి పోయింది. గదిలో కాపలా కూర్చున్నావిడ లేచి వచ్చి, వెనక్కి జరగమని మర్యాదగానే చెప్పింది. ఇంతమంది పిల్లలకు "చేతులు వెనక్కి" అని చెప్పినదాన్ని, నా చెయ్యే వెనక్కి పెట్టుకోవాల్సి వచ్చింది. పిల్లాడికి పొద్దుటి నుంచీ అప్పుడే మొదటిసారి హుషారొచ్చింది.

ఎనిమిదోది నా జాబితాలో లేని బొమ్మ. వాడు బెంచీ చూసి కూలబడ్డాడు, బెంచీకి ఎదురుగా ఆ బొమ్మ ఉంది, అంతే. జార్జ్ స్టబ్స్ 1762 ప్రాంతంలో వేసిన 'విజిల్‌జాకెట్' అనే పందెపు గుర్రం. దాదాపు 292 సెంటీమీటర్ల ఎత్తు. గుర్రం ముందు కాళ్ళు ఎత్తి నిలబడి ఉంటుంది. వెనకాల చెట్టు లేదు, కొండ లేదు, మనిషి లేడు. లేత గోధుమరంగు తప్ప ఇంకేమీ లేదు.

"చిన్నమ్మమ్మా, ఇది ఎక్కడ నిలబడింది?"

"నేల మీద."

"నేల ఏదీ?"

నిజమే, నేల గీత కూడా లేదు. నేను జవాబు వెతుక్కుంటుంటే వాడే లేచి వెళ్ళి చూసి వచ్చాడు. "వెనక కాళ్ళ కింద నీడ ఉంది. నీడ ఉందంటే నేల ఉన్నట్టే కదా." ఆ తర్వాత పావుగంట సేపు వాడు దాని ముందు నుంచి కదల్లేదు. వెలుతురు ఎటు నుంచి పడుతోందో చెప్పాడు. కడుపు మీద నరాలు లెక్కపెట్టాడు. ఇంత వివరంగా ఎలా వేశాడని అడిగాడు. స్టబ్స్ అంతకు ముందు పద్దెనిమిది నెలల పాటు ఒక పల్లెలో ఇల్లు తీసుకుని, చచ్చిన గుర్రాలను పొర తర్వాత పొర కోసి బొమ్మలు గీసుకున్నాడనీ, వాటినే 1766లో పుస్తకంగా వేశాడనీ చెప్పాను. "ఛీ" అన్నాడు. తర్వాత "వాసన రాదా?" అన్నాడు. జంతుశాస్త్రం పాఠం మొదలుపెట్టడానికి దీనికంటే మంచి ప్రశ్న ఇరవై రెండేళ్ళలో స్టాఫ్ రూములో ఎవరి నోటా వినలేదు.

మిగిలిన వర్క్‌షీట్లు సంచిలో అడుగున పెట్టేశాను.

రెండో రోజు

మళ్ళీ అక్కడికే. శాశ్వత గదులకు టికెట్ లేకపోవడంలో ఉన్న సుఖం ఇది: నిన్నటి డబ్బు గిట్టుబాటు చేసుకోవాలన్న తాపత్రయం ఉండదు, ఒక్క బొమ్మ చూసి వచ్చేయొచ్చు.

ఈసారి కాగితాలు తియ్యలేదు. మూడే మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. అవీ నావి కావు. అబిగైల్ హౌసెన్ అనే మనస్తత్వవేత్త, న్యూయార్క్ మోమా మ్యూజియంలో విద్యా విభాగం చూసిన ఫిలిప్ యెనవైన్ కలిసి తయారుచేసిన పద్ధతిలోవి. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏం కనిపిస్తోంది? చదవగానే "ఇంతేనా" అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. బలమంతా రెండో ప్రశ్నలో ఉందని చేసి చూశాకే తెలిసింది. రేఖాగణితంలో నేను రోజూ అడిగేది అదే: కోణాలు సమానమన్నావు, ఎందుకన్నావు?

బొమ్మ: జోసెఫ్ రైట్ 1768లో వేసిన 'గాలి పంపులో పక్షి మీద ప్రయోగం'. చీకటి గది, బల్ల చుట్టూ పదిమంది. బల్ల మీద గాలి తోడేసే యంత్రం, దాని పైన గాజు బుడ్డి, బుడ్డిలో తెల్ల కాకతువ్వ ఒరిగిపోయి ఉంది. జుట్టు విరబోసుకున్న ప్రయోగకర్త చెయ్యి పైనున్న మూత మీద ఉంది. మూత తిప్పితే గాలి లోపలికి పోతుంది, పక్షి బతుకుతుంది. తిప్పకపోతే లేదు.

"చచ్చిపోతుందా?" అన్నాడు పిల్లాడు మొదటి నిమిషంలోనే.

"నువ్వే చెప్పు. ఏం చూసి?"

అంతే, ముప్పావుగంట గడిచిపోయింది. చచ్చిపోతుంది, ఎందుకంటే ఒక అమ్మాయి కళ్ళు మూసుకుంది. కాదు, ఆ పక్కనున్న చిన్నది పైకి చూస్తూనే ఉంది. ఒకాయన గడియారం పట్టుకుని టైమ్ చూస్తున్నాడు, అంటే ఇది వాళ్ళకు అలవాటే, ఎప్పుడు ఆపాలో తెలుసు. ఎడమవైపు జంట అసలు పక్షినే చూడట్లేదు, ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు ("వీళ్ళకి సిగ్గు లేదు" అని పిల్లాడి వ్యాఖ్య). కుడివైపు కిటికీ దగ్గర ఒక కుర్రాడు పంజరం తాడు పట్టుకుని ఉన్నాడు. పంజరం దించుతున్నాడా, పైకి లాగి కట్టేస్తున్నాడా? దించుతుంటే పక్షి బతికినట్టు. లాగుతుంటే దానికిక పంజరంతో పనిలేదు. వాడు ఆ తాడు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తేల్చలేకపోయాడు. రైట్ దాన్ని తేలకుండానే వేశాడు.

అప్పుడు వాడు సైన్సు తీశాడు. "ఆక్సిజన్ అయిపోతే చచ్చిపోతుంది." నేను సంవత్సరం చూడమన్నాను. 1768. ప్రీస్ట్‌లీ ఆ వాయువును వేరుచేసి చూసింది 1774లో. ఈ గదిలో ఉన్నవాళ్ళలో ఎవరికీ ఆక్సిజన్ అన్న మాటే తెలియదు. గాలి తీసేస్తే ప్రాణి బతకదని తెలుసు, గాలిలో ఏముందో తెలియదు. పిల్లాడు నోరు తెరిచాడు. "అంటే నాకు వీళ్ళందరికంటే ఎక్కువ తెలుసా?" తెలుసురా, కానీ నువ్వు కనిపెట్టలేదు, నీకు ఎవరో చెప్పారు. ఈ మాట పైకి అనలేదు. మా తొమ్మిదో తరగతికి ఇదే ప్రశ్న ఇవ్వాలని అక్కడే రాసుకున్నాను: ఆక్సిజన్ అన్న మాట వాడకుండా, ఆ ప్రయోగకర్త ఆ అమ్మాయికి ఏం జరుగుతోందో ఎలా వివరిస్తాడు? ఇది సైన్సు పరీక్షా అవుతుంది, తెలుగు వ్యాసమూ అవుతుంది. ఏ టీచరు దిద్దాలన్నది తర్వాత గొడవపడొచ్చు.

మధ్యాహ్నం నా స్వార్థం కొద్దీ హోల్బీన్ 'రాయబారులు' దగ్గరికి లాక్కెళ్ళాను. 1533 నాటిది. ఇద్దరు నిలువెత్తు మనుషులు, మధ్యలో రెండు అరల బల్ల. దాని మీద ఖగోళ గోళం, భూగోళం, ఎండ గడియారాలు, తీగ తెగిన వీణలాంటి వాద్యం, ఇవి కాక తెరిచి పెట్టిన ఒక లెక్కల పుస్తకం. పీటర్ ఏపియన్ రాసిన వ్యాపార గణితం అది, తెరిచి ఉన్న పేజీలో భాగహారం. నాకు ప్రాణం లేచి వచ్చింది. పిల్లాడికి రాలేదు. "అక్కడ కూడా లెక్కలేనా" అని విసుక్కుని, బొమ్మకు కుడివైపుగా తలుపు దారి పట్టాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూసి, ఉన్నచోటే ఆగిపోయాడు.

"చిన్నమ్మమ్మా! పుర్రె!"

ఎదురుగా నిలబడితే ఆ రాయబారుల కాళ్ళ దగ్గర ఏటవాలుగా సాగదీసిన తెల్లని మరక ఒకటి కనిపిస్తుంది. కుడి అంచు నుంచి, బొమ్మకు దగ్గరగా, పక్కవాటుగా చూస్తే అది మనిషి పుర్రె. ఈ సంగతి నాకు పుస్తకాల్లో చదివి తెలుసు, చివర్లో గొప్పగా చూపిద్దామని దాచుకున్నాను. వాడు విసుగొచ్చి కనిపెట్టేశాడు. నాకు కొంచెం కుళ్ళుగానే అనిపించింది.

ఎలా గీశాడని అడిగితే అక్కడే నోటుబుక్కులో చూపించాను. చదరపు గళ్ళలో ఒక ముఖం గీసి, అడ్డంగా నాలుగింతలు సాగిన గళ్ళలో గడికి గడి దింపుకోవడం. నిష్పత్తుల పాఠానికి ఇంతకుముందు కూలీలు, రోజులు అంటూ మొదలుపెట్టేదాన్ని. ఈసారి పుర్రెతో మొదలుపెడతాను.

ఈ గ్యాలరీవాళ్ళే 1995 నుంచి 'టేక్ వన్ పిక్చర్' అని ఒక కార్యక్రమం నడుపుతున్నారు. ప్రాథమిక పాఠశాలలకు ఏడాదికి ఒకే ఒక్క బొమ్మ ఇస్తారు. దాని నుంచి ఏ సబ్జెక్టులోకి వెళ్ళాలో బడులే చూసుకుంటాయి. పిల్లలు చేసినవాటిలో కొన్నిటిని గ్యాలరీలో ప్రదర్శిస్తారు. ఏడాదికి ఒక్కటి! నేను గంటన్నరకు పన్నెండు పెట్టాను.

మూడో రోజు

బ్రిటిష్ మ్యూజియం. ఇది ఉత్త ఆర్ట్ మ్యూజియం కాదు, కానీ లండన్ వచ్చిన తెలుగుదాన్ని, 33ఎ గది చూడకుండా ఎలా వెళ్ళను. అద్దాల గోడల వెనక అమరావతి స్తూపం రాళ్ళు. పలనాటి సున్నపురాయి, లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు. లోపలికి వెళ్ళాక కాసేపు నాకు పాఠాలేవీ గుర్తు రాలేదు. ఆ విషయం ఇక్కడితో వదిలేస్తాను.

ఒక పలక ముందు కూర్చున్నాం. బుద్ధుడి పుట్టుక, నాలుగు గళ్ళలో. మాయాదేవి పడుకుని ఉంది, కలలో ఏనుగు. రాజు దగ్గర కల అర్థం చెబుతున్నారు. మాయాదేవి చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడింది, దేవతలు పొడుగాటి గుడ్డ పట్టుకున్నారు. చివరిదాంట్లో బిడ్డను యక్షుడికి చూపిస్తున్నారు.

"బిడ్డ ఏడీ?" అన్నాడు పిల్లాడు.

లేడు. గుడ్డ మీద రెండు బుల్లి పాదాల గుర్తులు ఉన్నాయి, అంతే. అమరావతి శిల్పులు చాలాచోట్ల బుద్ధుణ్ణి మనిషిగా చెక్కలేదు. ఖాళీ సింహాసనం, బోధివృక్షం, చక్రం, పాదాలు. ఉన్నాడని తెలియాలి, కనిపించకూడదు. నాకు చప్పున బీజగణితం గుర్తొచ్చింది. ఏడో తరగతిలో 'x' మొదటిసారి రాసిన రోజు పిల్లలు అడిగేది ఇదే: "టీచర్, అది ఎంతో తెలియకుండా ఎలా రాస్తాం?" ఎంతో తెలియకపోయినా దాని చోటు ఉంచాలి, దానికొక గుర్తు పెట్టాలి, చుట్టూ ఉన్నవాటిని బట్టి అదేమిటో తేల్చాలి. చుట్టూ ఉన్నవాళ్ళు ఎటు మొక్కుతున్నారో చూస్తే ఖాళీ సింహాసనం మీద ఎవరున్నారో తెలిసిపోతుంది. సమీకరణం కూడా అంతే. ఈ పోలిక ఎంతవరకు నిలబడుతుందో క్లాసులో చూడాలి. మా సోషల్ మాస్టారైతే "అమ్మా, మీరు బుద్ధుణ్ణి కూడా లెక్కలోకి లాగారు" అంటారు.

ఇంకో చిక్కు వచ్చింది. గళ్ళు ఏ వరసలో చదవాలి? వాడు కామిక్స్ చదివినట్టు ఎడమ నుంచి మొదలుపెట్టాడు, కథ కుదరలేదు. కల కంటే ముందే కలకు అర్థం చెప్పేస్తున్నారు. కుడి నుంచి చదివితే సరిగ్గా వచ్చింది. ఎందుకలా? లేచి నిలబడమని చెప్పి, మా సంచిని నేల మీద పెట్టి, అదే స్తూపం అనుకుని ప్రదక్షిణ చెయ్యమన్నాను. సంచి వైపు ముఖం పెట్టి, ప్రదక్షిణ దిక్కులో పక్క అడుగులు వేశాడు. రెండు చుట్లు తిరిగాక వాడికే వెలిగింది. "నేను ఎడమకి జరుగుతున్నా! కుడివైపుదే ముందొస్తుంది." ప్రదక్షిణ చేసేవాళ్ళకు తగ్గట్టు కథ పేర్చినట్టుంది. సవ్యదిశ, అపసవ్యదిశ అని బోర్డు మీద బాణాలు గీసి ఎన్నిసార్లు చెప్పానో. ఒక సంచి చాలింది.

మరో పలకకు రెండు వైపులా చెక్కడం ఉంది. ఒకవైపు క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దం నాటిది, ఖాళీ సింహాసనం, చెట్టు, మొక్కుతున్నవాళ్ళు. కొన్ని వందల ఏళ్ళ తర్వాత అదే రాయి తిప్పి రెండోవైపు స్తూపం బొమ్మ చెక్కారు. "పేపర్ వేస్ట్ చెయ్యకుండా వెనక వైపు వాడుకున్నట్టు" అన్నాడు. అవును, సంచిలో నా వర్క్‌షీట్ల వెనక వైపంతా ఖాళీగానే ఉంది.

బయటికి వస్తూ అడిగాడు: "ఇవి మనవైతే ఇక్కడెందుకున్నాయి?"

చెప్పాల్సిందంతా చెప్పాను. 1797లో కల్నల్ మెకంజీ అక్కడికి వెళ్ళేసరికే రాళ్ళు తవ్వి వేరే కట్టడాలకు పట్టుకుపోతున్నారు. మెకంజీ బృందం తర్వాత తిరిగొచ్చి బొమ్మలు గీసుకుంది. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించి రాళ్ళను మద్రాసు చేర్చాడు. 1859లో అవి ఓడ మీద లండన్ వచ్చాయి, 1880లో ఈ మ్యూజియంలోకి. ఈలోగా అక్కడ మిగిలినవాటిలో కొన్నిటిని కాల్చి సున్నం చేసుకున్నారు. సున్నపురాయిని కాలిస్తే సున్నమే వస్తుంది, కార్బన్ డై ఆక్సైడ్ పోతుంది. రసాయనశాస్త్రంలో ఒక లైను సమీకరణం అది. ఇకపై ఆ లైను రాసేటప్పుడు నా చెయ్యి మామూలుగా ఆడదు.

"అయితే తెచ్చినవాళ్ళు మంచివాళ్ళా, దొంగలా?" అన్నాడు. ఆ ప్రశ్నను వర్క్‌షీట్లో పెట్టే ధైర్యం నాకు ఉండేది కాదు. మీ తరగతిలో రెండు జట్లుగా విడిపోయి వాదించుకోండి అన్నాను. తప్పించుకున్నానని వాడికి అర్థమైంది.

నాలుగో రోజు

వాన. మోకాళ్ళు పట్టేశాయి. టేట్ బ్రిటన్‌లో ఒక్క గంటే ఉన్నాం.

మిల్లే వేసిన 'ఒఫీలియా' నేను అనుకున్నదాని కంటే చిన్నది, అడ్డం 112 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. షేక్‌స్పియర్ నాటకం 'హామ్లెట్'లోని అమ్మాయి వాగులో తేలుతూ ఉంటుంది, చుట్టూ మొక్కలు, పూలు. 1851లో వేసవి నుంచి చలికాలం దాకా హాగ్స్‌మిల్ వాగు ఒడ్డున కూర్చుని ముందు మొక్కలన్నీ వేశాడు. అందుకే ఒకే సమయంలో పుయ్యని పూలు కూడా బొమ్మలో పక్కపక్కనే ఉన్నాయి. పొలాల్లోకి తీసుకెళ్ళడం కుదరక ఒక వృక్షశాస్త్ర ఆచార్యుడు విద్యార్థుల్ని ఈ బొమ్మ ముందుకే తీసుకొచ్చాడని మిల్లే కొడుకు రాశాడు. మా సైన్సు టీచరుకు ఈ ఒక్క ముక్క చెబితే చాలు, నాకు ముందే బస్సెక్కి కూర్చుంటుంది.

పిల్లాడికి పూలు పట్టలేదు. ఒఫీలియాకు మోడల్‌గా ఉన్న ఎలిజబెత్ సిడాల్ నచ్చింది. మిల్లే ఆవిణ్ణి స్నానాల తొట్టిలో నీళ్ళలో పడుకోబెట్టి, నీళ్ళు చల్లారకుండా తొట్టి కింద దీపాలు పెట్టి వేశాడు. ఒకరోజు దీపాలు ఆరిపోయినా ఆయన చూసుకోలేదు, ఆవిడకు తీవ్రంగా జలుబు చేసింది. వాళ్ళ నాన్న డాక్టరు ఖర్చు ఇమ్మని మిల్లేని అడిగాడు. "ఆవిడ లేచి చెప్పొచ్చుగా" అని మా వాడి అభ్యంతరం. ఎందుకు చెప్పలేదో ఆమె డైరీలో ఒక పేజీలా రాయమన్నాను. ఇంటికి వెళ్ళాక నాలుగు లైన్లు రాశాడు. మూడు లైన్లు చలి గురించే. నాలుగోది: "నేను కదిలితే నీళ్ళు కదులుతాయి, ఆయన మళ్ళీ మొదటి నుంచి వెయ్యాలి." అది చదివి వాళ్ళమ్మ నన్ను చూసింది, నేను దాన్ని చూశాను.

థేమ్స్ మీద పడవ ఎక్కి టేట్ మోడరన్‌కు కూడా వెళ్ళాం. మతీస్ 'నత్త', 1953, రంగు కాగితం ముక్కలు అంటించింది. ఇది నేనూ చేస్తానన్నాడు. చెయ్యమన్నాను. ఎడమ పైమూల ఊదారంగు ముక్క అంచులో బుల్లి నత్త ఆకారం కత్తిరించి ఉంది, అది దొరికేదాకా వెతికాడు. అంతకు మించి ఆ రోజు ఓపిక లేదు.

రాత్రి మా అమ్మాయి అడిగింది: "పిన్నీ, ఇదంతా సరే, మార్కులు పెరుగుతాయా?"

అమెరికాలో క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే మ్యూజియం 2011లో తెరిచినప్పుడు బడుల నుంచి లెక్కకు మించి దరఖాస్తులు వచ్చాయి. లాటరీ తీసి కొందర్ని ముందు, కొందర్ని తర్వాత పిలిచారు. దాదాపు 11,000 మంది పిల్లల్ని పరిశీలించారు. వెళ్ళొచ్చిన పిల్లలు కొత్త బొమ్మ ఇస్తే వెళ్ళనివాళ్ళ కంటే మెరుగ్గా ఆలోచించి రాశారు. వాళ్ళు కొలిచింది అదీ అలాంటివీ, పరీక్ష మార్కుల్ని కాదు. అదే చెప్పాను. "అంటే పెరగవు" అంది అది. దానికీ నా పోలికే వచ్చింది, రుజువు లేనిదే ఒప్పుకోదు.

ఐదో రోజు

విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం. ఈరోజు ముగ్గురం.

రాఫెల్ కార్టూన్లు అంటే వ్యంగ్య చిత్రాలు కావు. సిస్టైన్ చాపెల్‌లో వేలాడదీసే నేత తెరల కోసం పోప్ పదో లియో 1515లో వేయించిన నిలువెత్తు నమూనాలు. బ్రస్సెల్స్ నేతగాళ్ళు వీటిని నిలువు పట్టీలుగా కత్తిరించి, మగ్గం కింద పెట్టుకుని, తెర వెనకవైపు నుంచి నేశారు. అందుకని తెర మీద అంతా కుడి ఎడమైంది. రాఫెల్ అది తెలిసే, తిరగేసి ఆలోచించి వేశాడు. మా అమ్మాయి ఫోన్లో కార్టూన్‌ను ఫొటో తీసి, తిప్పి, పక్కన పెట్టి చూపించింది. కథ ఇటు నుంచి చూస్తే ఒకలా, అటు నుంచి చూస్తే ఇంకోలా నడుస్తోంది. పరావర్తనం పాఠానికి ఇకపై సీతాకోకచిలుక రెక్కలు బోర్డు మీద గియ్యనవసరం లేదు.

చేపలు పట్టే కార్టూన్ దగ్గర పిల్లాడు వాళ్ళమ్మ చెయ్యి లాగాడు. "ఏసు బట్టలు తెల్లగా ఉన్నాయి. నీళ్ళలో ఎర్రగా ఉన్నాయేంటి?" ఇద్దరం వంగి చూశాం. పడవలో కూర్చున్న క్రీస్తు వస్త్రం తెలుపు, నీటిలో దాని నీడ ఎరుపు. మొదట వస్త్రమూ ఎర్రటి ఛాయలోదే. ఆ వస్త్రానికి వాడిన రంగు వెలుతురుకు వెలిసిపోయే రకం. నీటి నీడకు వాడింది వేరే రంగు, అది నిలిచింది. ఐదు వందల ఏళ్ళుగా నడుస్తున్న రసాయన ప్రయోగం, ఫలితం గోడ మీదే ఉంది. ఇంతా చేస్తే నేను దాని ముందు రెండు నిమిషాల నుంచి నిలబడి ఉన్నాను, చూడలేదు. కుడి ఎడమల లెక్కలో ఉన్నాను.

అక్కడి నుంచి ఆర్డబిల్ తివాచీ గదికి. ఇరాన్‌లో 1539-40లో నేశారు. పొడవు పదిన్నర మీటర్లు, వెడల్పు ఐదు మీటర్లకు పైనే. నేల మీద పరిచి చుట్టూ అద్దాలు కట్టారు. రంగులు పోకూడదని అరగంటకోసారి పది నిమిషాలే దీపాలు పెంచుతారు. మేం వెళ్ళిన నిమిషానికే తగ్గిపోయాయి.

"ఇంకో ఇరవై నిమిషాలు. వెళ్దామా?" అంది మా అమ్మాయి.

"ఉందాం" అన్నాడు కాళ్ళ నొప్పులవాడు.

మసక వెలుతురులో ఊరికే కూర్చోలేక లెక్క మొదలుపెట్టాం. ఈ తివాచీలో రెండున్నర కోట్లకు పైగా ముళ్ళు ఉన్నాయి. సెకనుకు ఒక ముడి చొప్పున ఒక్క మనిషి వేస్తే? నేను సంచిలోంచి వర్క్‌షీట్ తీసి వెనకవైపు తిప్పి ఇచ్చాను. రాత్రీ పగలూ ఆపకుండా వేస్తే 289 రోజులని తేల్చాడు. నిద్ర వద్దా అన్నాను. రోజుకు ఎనిమిది గంటలని మార్చాడు, 868 రోజులు. అప్పుడు వాళ్ళమ్మ, ఒక్కళ్ళే ఎందుకు నేస్తారు, పక్కపక్కన కూర్చుంటారు కదా అంది. వాడు కాళ్ళు మడిచి కూర్చుని, మనిషికి అర మీటరు చోటని తేల్చి, పదిమందిని కూర్చోబెట్టాడు. 87 రోజులు.

"మరి సెకనుకు ఒక ముడి పడుతుందా?" అన్నాను.

వాడు ఒక బూటు లేసు విప్పాడు. వాళ్ళమ్మ ఫోన్లో టైమ్ పెట్టింది. ముడి వెయ్యడం, విప్పడం, మళ్ళీ వెయ్యడం. పదిసార్లకు సగటు తీస్తే ముడికి నాలుగు సెకన్లు వచ్చింది. బూటు లేసూ తివాచీ ముడీ ఒకటి కావని నాకూ తెలుసు, వాడికీ తెలుసు. అయినా 87ను నాలుగుతో గుణించడం మొదలుపెట్టాడు. అది పూర్తి కాకుండానే గదిలో వెలుతురు పెరిగింది.

వాడు పెన్సిల్ వదిలేసి లేచాడు, ఒక బూటు లేసు వేలాడుతూనే ఉంది. తివాచీ మధ్య పతకానికి రెండు చివర్లా ఒక్కో దీపం నేశారు. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. మళ్ళీ వచ్చాడు.

"చిన్నమ్మమ్మా, ఒక దీపం చిన్నగా ఉంది."

"ఏం చూసి అంటున్నావు?"

వాడు జవాబు చెప్పలేదు. ఈసారి అడుగులు లెక్కపెట్టుకుంటూ అటు నడుస్తున్నాడు. ఇంకా ఎనిమిది నిమిషాలుంది.